నీళ్ల కొలువు

హువారెజ్ నుంచి తిరిగొచ్చే బస్సులో నా భార్య ఒదీలియా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కిందటి వారం కథను అక్కడ ఆపాను. ఎందుకు మాట్లాడలేదో కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను.

నేను పుట్టింది అమెరికాలో. మదేరా దగ్గర ద్రాక్షతోటల కూలీల షెడ్డులో మా అమ్మ నన్ను కన్నది. ఆ లెక్కన ఆ దేశపు పౌరుణ్ణి. నడక రాగానే అమ్మ నన్ను సరిహద్దుకు ఇవతల, మిష్తెకా కొండల్లోని మా ఊరు యుకువీకి తెచ్చేసింది. నేను బడి మానేసిందీ, పెళ్లాడిందీ, నడుం వంగుతున్నదీ ఇక్కడే. వయసులో ఉండగా కోతల కాలంలో అటు వెళ్లొచ్చేవాణ్ణి. మావాళ్లు ఎడారిలో పడి పాకుతూ వెళ్తే నేను వంతెన మీద నిటారుగా నడిచి వెళ్లేవాణ్ణి. కూలి మాత్రం వాళ్లకెంతో నాకూ అంతే.

ఒకసారి నేను టమాటా తోటల్లో ఉండగా ఒదీలియా మొక్కజొన్న చేను గట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. పొద్దున పడ్డది చీకటిపడేదాకా వానలోనే ఉంది. ఇంట్లో ఎదురుచూసే మనిషి లేడు గనక రాలేదేమని ఎవరికీ అనుమానం కలగలేదు. ఆ ఏడాదితో అటు వెళ్లడం మానేశాను. వెళ్తే ఇద్దరం వెళ్లాలి, లేకపోతే ఇక్కడే మాడాలి. మాడటం బాగానే జరిగింది. ఏటా వాన మట్టిని కడిగేసి చేలో రాళ్లు మిగిల్చింది. ఇక తినడానికి రాళ్లే ఉన్నాయన్నప్పుడు, నా భార్యను నాతో రానివ్వమని దరఖాస్తు పెట్టాను.

అన్నీ సరిపోయాయి. చివర్న సరిహద్దున ఉన్న హువారెజ్‌లో అమెరికా కాన్సులేట్ కిటికీ అవతలి ఆఫీసరు, "మీ ఆయన ఏం చేస్తుంటారమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. ఒదీలియా తలెత్తి చెప్పింది. "మా ఊరి నీళ్ల పెద్ద. ఊరు అడిగిన కొలువు ఒక్కటి కూడా కాదనలేదు. మా ఊళ్లో ఆయన పూర్తి మనిషి." మా కొండల్లో ఒక ఆడది మొగుడి గురించి ఇంతకన్నా గొప్పగా చెప్పడానికి మాటలు లేవు. ఆ ఆఫీసరుకు మాత్రం ఒక్కటే అర్థమైంది, నా ఇల్లు ఇక్కడ ఉందని. ఇల్లు ఇక్కడున్నవాడు పెళ్లాన్ని అక్కడున్న ఇంటికి ఎలా పిలుస్తాడు? మీ ఆయన స్థిర నివాసం మా దేశంలోనే అని ఏడాదిలోపు రుజువు తెమ్మని చెప్పి పంపించాడు.

నన్ను పొగిడినందుకు మా పని చెడింది. అందుకే ఆమె బస్సులో మాట్లాడలేదు.

త్లాహియాకో పట్నంలో కాగితాలు టైపు చేసే ఆయన నాకు విడమరిచి చెప్పాడు. ముందు నేను ఒక్కణ్ణే వెళ్లాలి. గది అద్దెకు తీసుకోవాలి, పనిలో చేరాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, కరెంటు బిల్లు నా పేరున రావాలి. అప్పుడు నా ఇల్లు అక్కడుందని నమ్ముతారు. అక్కడ ఇల్లుందనడానికి కరెంటు బిల్లు కావాలి. ఇక్కడ ఇల్లుందనడానికి మా స్మశానంలో ఒక గుంత చాలు. మదేరాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు లాసారో ఫోన్ చేసి, గది ఉంది, తీగల కత్తిరింపు పని కూడా ఉంది, గురువారానికల్లా బయల్దేరు అన్నాడు.

అంటే ఇద్దరం కలిసి ఉండటం కోసం ముందు విడిపోవాలి. సర్కారు వాళ్లకే తడతాయి ఇలాంటివి.

దానికీ సిద్ధపడ్డాను. కానీ నా చేతిలో నీళ్ల కర్ర ఉంది, ఊటనూ గొట్టాలనూ చూసుకునే నీళ్ల పెద్దకు గుర్తుగా ఊరిచ్చేది. మా ఊళ్లో కొలువు జీతానికి చేసేది కాదు. సభ పేరు చదివితే చెయ్యాలి, అంతే. డబ్బిచ్చి ఇంకొకణ్ణి పెట్టుకోవడం కుదరదు. ఇంటి మనిషి ఎవరైనా అందుకోవచ్చు, కొడుకో తమ్ముడో. నాకు ఇద్దరూ లేరు. మధ్యలో వదిలేసి పోయినవాడి పేరు ఊరు కొట్టేస్తుంది. చేను ఊరిదైపోతుంది, ఇంటికొచ్చే నీళ్ల గొట్టం కోసేస్తారు, చచ్చినా మా మట్టిలో చోటుండదు. నా కొలువు ఇంకా దాదాపు ఏడాది ఉంది.

ఆదివారం గంట కొట్టారు. సెలవు అడగడానికి వెళ్లాను.

* * *

మా సభ బాస్కెట్‌బాల్ కోర్టులో జరుగుతుంది. పైన రేకుల కప్పు. ఆ పొద్దు పొగమంచు ఒక రింగు కింది నుంచి లోపలికొచ్చి రెండో రింగు కింది నుంచి బయటికి పోతోంది. మగవాళ్లం బల్లల మీద కూర్చున్నాం. ఆడవాళ్లు ఎప్పటిలాగే బడి మెట్ల మీద కూర్చుని తాటాకు టోపీలు అల్లుకుంటున్నారు. మా ఆడవాళ్ల చేతులు నడుస్తున్నా ఆగవు, ఏడుస్తున్నా ఆగవు. సభ జరిగినంతసేపూ మెట్ల మీది నుంచి ఆకు గరగరమంటూనే ఉంటుంది. అది ఎంత అలవాటంటే, మాకది వినపడదు.

సభ పెద్ద సెవెరియానో నా మాట మొత్తం విన్నాడు. లావుపాటి మనిషి, నవ్వుతూనే నరుకుతాడు.

"కొలువు మధ్యలో సెలవా? ఉంగరం తొడుగుతూ తొడుగుతూ పెళ్లికొడుకు, ఇప్పుడే వస్తానుండండి అన్నట్టుంది."

కోర్టంతా నవ్వింది.

"సరదాకు పోవట్లేదు మామా," అన్నాను. "మా ఆవిడను తీసుకెళ్లాలంటే ముందు నేను అక్కడ కాపురం ఉన్నట్టు చూపించాలి."

"ఎవరితో కాపురం?" అన్నాడు వెనక బల్ల నుంచి ఎవడో.

"కరెంటు బిల్లుతో," అన్నాను. మళ్లీ నవ్వారు. ఈసారి కాస్త నా వైపు నవ్వారు. ఇది గట్టెక్కుతుందేమో అనిపించింది.

అప్పుడు హెర్మీలో లేచాడు.

హెర్మీలో నవ్వడు. వాడి తమ్ముడు నబోర్ సంగతి ఊరందరికీ తెలుసు, మీకూ తెలియాలి. నబోర్‌కు కాపలా కొలువు పడింది. సగంలో ఉండగా వాడి పిల్లకు జబ్బు చేసింది. మందుల కోసం ఎవరికీ చెప్పకుండా స్ట్రాబెర్రీ తోటలకు వెళ్లిపోయాడు. పిల్ల బతికింది. వాడు అక్కడే లారీ కింద పడి పోయాడు.

"శవప్పెట్టె మన ఊరి మలుపు దాకా వచ్చింది," అన్నాడు హెర్మీలో. గొంతు పెంచలేదు. "మలుపు దగ్గర ఆపేశారు. కొలువు వదిలినవాడికి మన మట్టిలో చోటు లేదన్నారు. వాన పడుతోంది. మా అమ్మ తన శాలువా తీసి పెట్టె మీద కప్పింది, వాడికి చలేస్తుందని. కింది ఊరివాళ్ల కాళ్లు పట్టుకుని అక్కడ పూడ్చాం. సెవెరియానో మామా, ఆ రోజు మలుపు దగ్గర నువ్వూ ఉన్నావుగా?"

సెవెరియానో నవ్వు జేబులో పెట్టుకున్నాడు. "ఉన్నాను."

"ఇప్పుడు ఫిదెన్సియోకి సెలవిస్తే మా అమ్మకి నేనేం చెప్పాలి? మీ చిన్నోడు సెలవు అడగడం మర్చిపోయాడమ్మా, అడిగుంటే ఇచ్చేవాళ్లంట, అని చెప్పనా?"

హెర్మీలో నా వైపు తిరిగాడు.

"నీ మీద నాకేం పగ లేదన్నా. అప్పుడు నువ్వు ఊళ్లో లేవు, పెట్టెను చూడలేదు. చూసుంటే ఇవాళ ఇక్కడ నిలబడి అడగలేకపోయేవాడివి."

వాడు చెప్పినదాంట్లో తప్పు లేదు. అదే నన్ను కాల్చింది. మనుషులు అన్యాయంగా మాట్లాడితే తిరగబడటం నాకు బాగా వచ్చు, బతుకంతా అదే చేశాను. న్యాయంగా మాట్లాడితే ఏం చెయ్యాలో తెలియదు. అయితే కొట్టెయ్యండి నా పేరు, మీ మట్టి మీరే ఉంచుకోండి అనబోయాను. ఆ మాట పళ్ల దాకా వచ్చింది.

"ఆ కొలువు నేను చేస్తాను."

మెట్ల మీది నుంచి. ఆ గొంతు నాకు తెలుసు, కానీ అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. ఒదీలియా లేచి నిలబడి ఉంది. సగం అల్లిన టోపీ చేతిలోంచి వేలాడుతోంది.

అప్పుడు ఆకు గరగర ఆగిపోయింది.

పుట్టి బుద్ధెరిగాక ఆ చప్పుడు ఆగడం నేను వినలేదు. మొట్టమొదటిసారి ఆ కోర్టు ఎంత పెద్దదో తెలిసింది. దూరంగా లోయలో ఎవరిదో గాడిద అరిస్తే అందరికీ వినపడింది.

"కూర్చో తల్లీ," అన్నాడు సెవెరియానో మెత్తగానే. "ఇది మగాళ్ల సభ."

"నీళ్లు మగాళ్లే తాగుతున్నారా మామా?"

"అది కాదే..."

"ఇంటి మనిషి అందుకోవచ్చన్నది మీరు పెట్టిన కట్టుబాటే. నేను ఆయన ఇంటి మనిషిని కాదా? కాకపోతే చెప్పండి, ఇన్నేళ్లు ఆయన గుడ్డలు ఎందుకు ఉతికానో అర్థమవుతుంది."

మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. బల్లల మీద ఎవరూ నవ్వలేదు.

"ఆ కాలుతో కొండెక్కుతావా వదినా?" అన్నాడు వెనక బల్లవాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"మీ అన్న జ్వరంతో పడుకున్నప్పుడు ఊట దగ్గరికి ఎవరు వెళ్లారనుకున్నావు? ఈ కాలే వెళ్లింది. మీ ఇంట్లో కుళాయి ఆగిందా?"

వాడు తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. ఆ జ్వరంలో కర్ర గోడకు ఆనించే ఉండటం చూసి, ఊట సంగతి దేవుడు చూసుకుంటున్నాడనుకున్నాను. దేవుడు కుంటుకుంటూ వెళ్లొచ్చాడని తెలియదు.

సెవెరియానో ముఖం తుడుచుకున్నాడు. "ఆడదాని చేతికి కర్ర ఇచ్చిన ఆనవాయితీ లేదు. నేను ఇవ్వలేను. హెర్మీలో, నువ్వు చెప్పు, ఇందాక లేచింది నువ్వేగా."

అందరం హెర్మీలో వైపు చూశాం. వాడు ఒదీలియాను చూస్తున్నాడు, తెలిసిన మనిషిని చూసినట్టు కాదు, ఎక్కడి నుంచో తిరిగొచ్చిన మనిషిని చూసినట్టు.

"నబోర్ పెళ్లాం కూడా ఇదే అడిగింది," అన్నాడు చివరికి.

"ఎవరిని?"

"నన్ను. వాడు వెళ్లిపోయిన తెల్లారి. బావా, ఆయన కర్ర నేను పట్టుకుని కాపలా తిరుగుతాను, సభలో అడగనా అంది. నోరు ముయ్యమన్నాను. ఆడది సభలో లేస్తే మా ఇంటి పరువు పోతుందన్నాను. ఆమె లేవలేదు. మలుపు దగ్గర పెట్టెను ఊరు ఆపిందని ఇన్నాళ్లూ మీ అందరి మొహాలూ చూసి కుళ్లిపోయాను. ముందు ఆపింది నేను."

మా సభలో సరే అనడానికి చెయ్యి ఎత్తం, టోపీ తీసి పైకెత్తుతాం. హెర్మీలో తన టోపీ తీశాడు. ఎత్తాడు. మళ్లీ దించలేదు.

ఒక్క నిమిషం ఆ ఒక్క టోపీయే పొగమంచులో ఉంది. తర్వాత వెనక బల్లవాడిది లేచింది. తర్వాత పక్కది. ఆ తర్వాత నేను లెక్కపెట్టలేకపోయాను. తెల్లటి తాటాకు టోపీలు, మెట్ల మీది ఆడవాళ్ల వేళ్లు అల్లినవి, ఒకదాని వెనక ఒకటి మంచులోకి లేచాయి. చెరువు మీంచి కొంగల గుంపు లేచినట్టు లేచాయి. అంతమంది మనుషులు, ఒక్క చప్పుడు లేదు. నా జన్మలో ఈ ఊరిని తిట్టని రోజు లేదు. పిసినారి ఊరు, పగబట్టే ఊరు, రాళ్ల ఊరు. ఆ పొద్దున నా నోట్లో ఒక్క తిట్టు కూడా దొరకలేదు.

సెవెరియానో అందరికన్నా ఆఖర్న తన టోపీ తీశాడు. దాన్ని ఎత్తకుండా గుండెకు ఆనించుకుని, "తాతను పిలవండి," అన్నాడు.

* * *

తాత క్రెసెన్సియోకు చూపు పోయింది. కర్రలు అప్పగించేటప్పుడు చెప్పాల్సిన పాత మాటలు ఇప్పుడు ఆయన ఒక్కడికే పూర్తిగా వచ్చు. చాప పరిచారు, బంతిపూలు పోశారు, నేను నీళ్ల కర్ర తెచ్చి పూల మీద పడుకోబెట్టాను. ఒదీలియా ఊటనీళ్లతో చేతులు కడుక్కుంది. తాత తడుముకుంటూ ఆ తడిచేతులు పట్టుకున్నాడు.

"ఇవి ఆడమనిషి చేతులు," అన్నాడు.

"అవును తాతా," అన్నాడు సెవెరియానో. "సభ ఒప్పుకుంది."

"సభ ఒప్పుకుంటే నాకేం. కర్ర ఒప్పుకోవాలిగా." కాసేపు ఆ చేతులు తిప్పి తిప్పి తడిమాడు. అరచేతుల్లో తాటాకు కోసిన గీతలు, మొక్కజొన్న రుబ్బి రుబ్బి కాసిన కాయలు. "ఈ చేతులకు నీళ్ల సంగతి తెలుసు. మోసిన చేతులు. మనం తాగాం, వీళ్లు మోశారు." నవ్వాడు. "ఎక్కడ చాప? నన్ను అటు తిప్పండి."

అప్పుడు పాత మాటలు చెప్పాడు. మా మిష్తెకా భాషలో ఆ మాటలు పాటలా ఉంటాయి. నేను చెబితే పొడిగా ఉంటాయి.

"ఇది కర్ర కాదు బిడ్డా. నీకు ముందు పట్టుకున్న చేతులన్నీ ఇందులో ఉన్నాయి. వాళ్లు ఇంకా దీన్ని వదల్లేదు. నువ్వు అలిసినప్పుడు వాళ్లు మోస్తారు. నువ్వు అబద్ధమాడితే వాళ్లు వదిలేస్తారు, అప్పుడు ఇది కొండంత బరువవుతుంది. నీళ్లు నీవి కావు, ఊరివి కావు. అవి దారిన పోతున్నాయి. పోతూ పోతూ మన ఇంట్లో ఆగాయి. చుట్టాలను చూసుకున్నట్టు చూసుకో."

కర్ర ఇచ్చేవాడు పుచ్చుకునేవాళ్ల ముందు తల వంచాలి. అదీ కట్టుబాటే. నేను ఎందరి ముందో తల వంచాను. మేస్త్రీల ముందు, సరిహద్దులో బూట్లు విప్పమన్నవాళ్ల ముందు. వంచిన ప్రతిసారీ లోపల ఏదో చేదుగా గడ్డకట్టింది. నా భార్య ముందు వంచినప్పుడు ఆ గడ్డ కదిలింది. రెండు చేతులా కర్ర అందించాను. ఆమె అందుకుంది. కర్రకు కట్టిన రంగు రిబ్బన్లు నా ముఖానికి తగిలాయి.

ఎవరూ చెప్పకుండానే ఊరి బ్యాండు వాయించడం మొదలుపెట్టింది. కొత్త పెద్దకు వాయించే పాట. ట్రంపెట్ పట్టుకున్నవాడు ఏడుస్తూ ఊదుతుంటే స్వరం పక్కకు జరిగిపోయింది, అయినా ఎవరూ పట్టించుకోలేదు. మెట్ల మీది ఆడవాళ్లు అల్లిక మళ్లీ మొదలుపెట్టలేదు. ఊరికే చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నారు. ఖాళీగా ఉన్న అన్ని ఆడచేతులు నేనెప్పుడూ చూడలేదు.

* * *

కర్ర మారిన రోజునే పాత మనిషి కొత్త మనిషిని ఊట దాకా తీసుకెళ్లి నీళ్లను అప్పజెప్పాలి. ఇద్దరమే వెళ్లాం. ఆమె ముందు, నేను వెనక. కర్ర ఉన్నవాళ్ల ముందు ఎవరూ నడవకూడదు.

దారిలో ఎదురైనవాళ్లు పక్కకు తప్పుకుని టోపీలు తీశారు. "పొద్దున్నే శుభం, నీళ్లమ్మా," అన్నాడు పొద్దున్నే తాగి ఉన్న ఒక ముసలాడు. నిన్నటిదాకా వాడే ఆమెను కుంటిదానా అని పిలిచేవాడు. ఒదీలియా ఆగి, కర్ర కాస్త వంచి, "నీ కుళాయి మర కారుతోంది మామా, బిగించుకో," అంది. వాడు నిజంగానే అటు పరిగెత్తాడు.

పైకి వెళ్లేకొద్దీ ఓక్ చెట్లు దగ్గరపడతాయి, వాటి మొదళ్ల మీద నాచు మోకాలి ఎత్తు దాకా వస్తుంది. ఆమె విరిగిన కాలు ప్రతి అడుగుకూ కాస్త పక్కకు పడుతోంది, కర్ర ప్రతి అడుగుకూ సరిగ్గా పడుతోంది. ఇన్నేళ్లూ ఆ నడకను చూసినప్పుడల్లా నాకు వాన గుర్తొచ్చేది, నేను లేకపోవడం గుర్తొచ్చేది. ఆ రోజు మాత్రం నడకే కనిపించింది. ఈ కొండ మీద అడుగెలా వెయ్యాలో తెలిసిన మనిషి నడక.

ఊట దగ్గర మూత తీశాను. నల్లటి రాతి పగుల్లోంచి నీళ్లు వస్తున్నాయి. ఎక్కడి నుంచో తెలియదు, ఎవరు తోస్తున్నారో తెలియదు. ఇన్నాళ్లూ నాకది గొట్టం మొదలు, అంతే. ఒదీలియా మెస్కాల్ సారా ఒక చుక్క రాతి మీద పోసింది, రెండు మొక్కజొన్న గింజలు వేసింది, వంగి నీళ్లతో ఏదో చెప్పింది. నాకు వినపడలేదు. చుట్టాలతో మాట్లాడేటప్పుడు పక్కనుండి వినడం మర్యాద కాదు.

తర్వాత రాయి మీద కూర్చుంది. కర్ర ఒళ్లో పెట్టుకుంది.

"గురువారం బయల్దేరతాను," అన్నాను. "లాసారో బస్టాండుకు వస్తాడంట. గది, పని, బ్యాంకు, అన్నీ చకచకా చేసేస్తాను. నీ కొలువు అయ్యేలోపు ఆ రుజువులన్నీ చేతికొస్తాయి. నువ్వు కర్ర అప్పజెప్పిన మర్నాడే హువారెజ్ వెళ్లడం. ఇంక ఏ ఆఫీసరూ మనల్ని..."

"ఫిదెన్సియో."

పెళ్లయ్యాక ఆమె నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఏమయ్యా అనేది, ఇదిగో అనేది. ఆగిపోయాను.

"అక్కడి సర్కారును అడిగావు. టైపు చేసే ఆయన్ను అడిగావు. లాసారోని అడిగావు. ఇవాళ ఊరందరి ముందూ నిలబడి సెలవు అడిగావు." ఆమె గొంతులో కోపం లేదు. ఊట చప్పుడు మీదుగా మెల్లగా వచ్చింది. "నాకు రావాలని ఉందో లేదో, నన్నెప్పుడైనా అడిగావా?"

నీళ్లు రాతిలోంచి వస్తూనే ఉన్నాయి. అడగలేదు. రావాలనే ఉంటుందనుకున్నాను. ఎవరికైనా ఉంటుందిగా అనుకున్నాను.

"అడిగుంటే ఏం చెప్పేదానివి?" అన్నాను చివరికి.

ఒదీలియా లేచింది. కర్రను నేల మీద ఆనించి, నా కళ్లలోకి చూసింది. ఊరి పెద్దలు సభలో చూసే చూపు అది.

"ఇప్పుడు అడుగు," అంది.